భక్తికి గుర్తు నడవడి: దీనబంధు ఆండ్రూస్ జీవితం చెప్పే పాఠం



మీలో దక్షిణ ఢిల్లీలో ఉండేవారికి ఆండ్రూస్ గంజ్ పేరు తెలిసే ఉంటుంది. బస్సు మీద ఆ పేరు చదివి ఉంటారు, స్నేహితుల ఇంటికో ట్యూషన్‌కో ఆ వైపు వెళ్లి ఉంటారు. అయితే ఆ ఆండ్రూస్ ఎవరు? ఒక ఆంగ్లేయుని పేరు స్వతంత్ర భారతదేశపు రాజధానిలో ఒక కాలనీకి ఎందుకు పెట్టుకున్నాం? ఎన్నో రోడ్లకు ఉన్న వైస్రాయిల పేర్లు, సేనాపతుల పేర్లు మార్చుకున్న నగరం ఈ పేరును మాత్రం గౌరవంగా ఎందుకు నిలుపుకున్నది? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడమే నేటి మన ప్రసంగాంశం. దానితో పాటు ఇంకొక పెద్ద ప్రశ్నను కూడా పరిశీలిద్దాం. మనిషి భక్తి నిజమైనదని ఎలా తెలుస్తుంది? ప్రార్థనలో తెలుస్తుందా, లేక ప్రార్థన ముగిశాక అతడు నడుచుకునే తీరులో తెలుస్తుందా?

క్రైస్తవ గ్రంథం ఏమంటుంది?

ముందుగా ఈ విషయంలో క్రైస్తవ ధర్మం ఏమి బోధిస్తుందో క్లుప్తంగా చూద్దాం. మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలలో ఏసుక్రీస్తు చేసిన బోధను కొండమీది ప్రసంగం అంటారు. మన చర్చకు అవసరమైన మూడు అంశాలు అందులో ఉన్నాయి.

మొదటిది, ప్రార్థన ఇతరులు చూసి మెచ్చుకోవడానికి చేసేది కాదు. దానధర్మాలు కూడా నలుగురికీ చాటి చేయకూడదు. రెండవది మరీ కఠినమైనది. కానుకతో బలిపీఠం దాకా వచ్చిన మనిషికి, తన వల్ల నొచ్చుకున్న సోదరుడు ఒకడు ఉన్నాడని అక్కడ గుర్తుకు వస్తే, కానుకను అక్కడే ఉంచి ముందు వెళ్లి ఆ సోదరునితో సమాధానపడాలి, ఆ తరువాతే కానుక. అంటే తోటి మనిషితో తెగిన సంబంధాన్ని పక్కన పెట్టి దేవునితో సంబంధం కలుపుకోవడం కుదరదన్నమాట. మూడవది, నోటితో ప్రభువును పిలవడం చాలదు, ఆయన చెప్పినట్లు నడవాలి.

అదే సువార్త 25వ అధ్యాయంలో తీర్పు దినాన్ని వర్ణించే కథ ఉంది. ఆ కథలో రాజు ఎవరి సిద్ధాంత జ్ఞానాన్నీ పరీక్షించడు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా, దప్పిగొన్నవానికి నీళ్లిచ్చావా, పరదేశిని చేర్చుకున్నావా, చెరసాలలో ఉన్నవానిని చూడబోయావా అని అడుగుతాడు. అల్పులైన వారికి చేసిందే తనకు చేసినట్లు అంటాడు. యాకోబు పత్రిక ఇదే విషయాన్ని మరొక రీతిలో చెబుతుంది. క్రియలు లేని విశ్వాసానికి ప్రాణం లేదన్నది ఆ పత్రిక సారాంశం.

చదవడానికి ఇవన్నీ సులభమే. ఒక ఉద్యోగం, ఒక పదవి, ఒక స్నేహం ఎదురుగా నిలిచినప్పుడు వీటిని పాటించడమే కష్టం. ఆ కష్టాన్ని ఎదుర్కొన్న ఇద్దరు వ్యక్తులు నూరేళ్ల క్రితం మన ఢిల్లీలోనే జీవించారు. ఒకరు ఆంగ్లేయుడు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్, రెండవవారు బెంగాలీ క్రైస్తవుడు సుశీల్ కుమార్ రుద్ర.

కాశ్మీరీ గేట్ కళాశాల

ఈనాడు మూడు మెట్రో మార్గాలు కలిసే కాశ్మీరీ గేట్ ప్రాంతంలో గుమ్మటాలు, ఆర్చీలతో ఒక పాత భవనం ఉంది. సెయింట్ స్టీఫెన్స్ కళాశాల 1891 నుండి 1941 వరకు నడిచింది అక్కడే. కేంబ్రిడ్జి మిషన్ వారు 1881లో చాందినీ చౌక్ దగ్గర ఒక ఇంటిలో ఐదుగురు విద్యార్థులతో ఈ కళాశాలను ప్రారంభించారు. హిందూ, ముస్లిం, క్రైస్తవ విద్యార్థులు అందులో కలిసి చదువుకునేవారు.

ఆండ్రూస్ 1871లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జన్మించారు. తండ్రి ఒక క్రైస్తవ సంఘంలో బోధకుడు. ఆండ్రూస్ బాల్యంలో ఆ ఇంట్లో ఒక సంఘటన జరిగింది. కుటుంబానికి చెందిన సొమ్మును నమ్మకమైన మిత్రుడే పోగొట్టాడు. ఇల్లు పేదరికంలో పడింది. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ మిత్రుని శపించలేదు, అతని కోసమే ప్రార్థించారు. ఆ ప్రార్థన ఆ పిల్లవాని మనసులో నాటుకున్నది. క్షమాపణ గురించి ఎన్ని పాఠాలు విన్నా కలగని ఎరుక ఒక్క సాయంత్రం తండ్రి చేసిన పని చూసి కలిగింది.

కేంబ్రిడ్జిలో చదివి, మతగురువై, దక్షిణ లండన్‌లోని వాల్‌వర్త్ పేదవాడలో పనిచేసి, ఆండ్రూస్ 1904లో ఢిల్లీ చేరారు. అప్పుడు ఆయన వయసు 33. సెయింట్ స్టీఫెన్స్‌లో అధ్యాపకుడయ్యారు. సుశీల్ కుమార్ రుద్ర అప్పటికే 1886 నుండి అక్కడ బోధిస్తున్నారు.

1906: విశ్వాసానికి పరీక్ష

1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. నియమించవలసిన పెద్దలలో పలువురి చూపు ఆండ్రూస్ మీద పడింది. ఆయన ఆంగ్లేయుడు, కేంబ్రిడ్జి పట్టభద్రుడు. ఢిల్లీ వచ్చి రెండేళ్లే అయినా ఆనాటి పద్ధతి ప్రకారం అది పెద్ద అడ్డంకి కాదు. రుద్రకు 20 ఏళ్ల అనుభవం ఉంది, విద్యార్థుల గౌరవం ఉంది. అయినా ఆయన భారతీయుడు. ఒక భారతీయుని కింద ఆంగ్లేయ అధ్యాపకులు పనిచేయడమా అన్న సందేహం ఆ కాలంలో చాలామందికి ఉండేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆండ్రూస్ ప్రతి ఆదివారం ప్రార్థన మందిరంలో దేవుని ముందు అందరూ సమానమని చెబుతున్నారు. ఇప్పుడు ఆ మాట ఒక కుర్చీ రూపంలో ఎదురుగా నిలిచింది. ఆయన ఆ పదవిని తీసుకొని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. పైగా ఆ పదవిలో ఉండి ఇంకా ఎక్కువ మేలు చేయగలనని తనకు తానే నచ్చజెప్పుకోవచ్చు. మనమందరం చెప్పుకునే సాకు అదే కదా!

ఆండ్రూస్ అలా చేయలేదు. ఆ పదవికి అర్హుడు రుద్రేనని పట్టుబట్టారు. ఆయనను భారతీయుడన్న కారణంతో కాదంటే తాను రాజీనామా చేస్తానని స్పష్టం చేశారు. చివరకు రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు, 1923 వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆండ్రూస్ ఆయన కింద సంతోషంగా అధ్యాపకుడిగా పనిచేశారు.

సమానత్వం మీద ఉపన్యాసం చెప్పడం ఒక ఎత్తు. తనకు రాబోయే పదవిని, అది న్యాయంగా చెందవలసిన వానికి చేర్చడం మరొక ఎత్తు. నడవడి అని మనం అంటున్నది రెండవ దానిని.

మౌనంగా సేవ చేసిన రుద్ర

ఆండ్రూస్ పేరు చాలామందికి తెలుసు. రుద్ర పేరు తెలిసినవారు తక్కువ. ఆయన వేదికలెక్కి ప్రసంగించే మనిషి కాదు. అయినా 1915లో దక్షిణాఫ్రికా నుండి తిరిగి వచ్చిన గాంధీజీ ఢిల్లీలో బస చేసింది కాశ్మీరీ గేట్‌లోని రుద్ర ఇంట్లోనే. తరువాత కూడా ఢిల్లీ వచ్చినప్పుడు అక్కడ దిగేవారు. ఖిలాఫత్ విషయమై వైస్రాయికి రాసిన బహిరంగ లేఖ కూడా ఆ ఇంటి కప్పు కిందనే రూపుదిద్దుకున్నదని రుద్ర మరణానంతరం 1925లో గాంధీజీ యంగ్ ఇండియా పత్రికలో రాశారు.

దీనిలో ప్రమాదం ఎంత ఉందో గమనించండి. అది మిషన్ నడిపే కళాశాల. ప్రభుత్వ గుర్తింపు మీద ఆధారపడిన సంస్థ. దాని ప్రిన్సిపాల్ ఇంట్లో ప్రభుత్వాన్ని ఎదిరించే నాయకుడు మకాం పెట్టాడు. తన వల్ల కళాశాలకు ఇబ్బంది కలగవచ్చునని గాంధీజీయే సంకోచించి, వేరే చోటికి వెళతానని అన్నారు. రుద్ర ఒప్పుకోలేదు. పరదేశిని చేర్చుకోమని చదివిన ఆయన, అతిథి వల్ల కష్టం వస్తుందేమోనని తలుపు మూయలేదు. ఉపన్యాసాలు లేవు, ప్రకటనలు లేవు. ఒక గది, ఒక భోజనం, ఒక నిబ్బరం. ఇంతే ఆయన చేసింది. అది చిన్న పని కాదు.

మిత్రుడంటే మతం మార్చవలసిన మనిషి కాదు

ఢిల్లీలో ఆండ్రూస్‌కు దగ్గరైన మరొక పెద్దమనిషి మున్షీ జకావుల్లా. పాత ఢిల్లీ కళాశాలలో చదివి, గణితం మీద, చరిత్ర మీద ఉర్దూలో విస్తారంగా రచనలు చేసిన ముస్లిం పండితుడు. అప్పటికి వృద్ధుడు. ఆండ్రూస్ ఆయన దగ్గర కూర్చొని 1857కు ముందటి ఢిల్లీ కబుర్లు, హిందూ ముస్లింలు ఇరుగుపొరుగుగా మెలగిన రోజుల సంగతులు వినేవారు. జకావుల్లా 1910లో మరణించారు. 1929లో ఆండ్రూస్ ఆయన జీవిత చరిత్రను పుస్తకంగా వెలువరించారు.

ఒక క్రైస్తవ మతగురువు ఒక ముస్లిం పెద్దాయన మంచితనాన్ని లోకానికి చెప్పడానికి పుస్తకం రాశారు. తన విశ్వాసాన్ని ఆయన దాచుకోలేదు. అలాగని ఎదుటివారి విశ్వాసాన్ని తక్కువ చేయలేదు. సొంత ఇంటి మీద గట్టి ప్రేమ ఉన్నవాడే పొరుగింటి దీపాన్ని గౌరవించగలడు.

గిర్మిట్ కూలీల కోసం

ఇక ఈ కథలో మన తెలుగువారికి సంబంధించిన భాగం. 1860 నవంబరులో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు గుండా వెళ్లినవారు. ఆ రోజుల్లో మన తీరాంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలో భాగమే. కాబట్టి తమిళులతో పాటు తెలుగువారూ వారిలో ఉన్నారు. అగ్రిమెంట్ అన్న మాట కూలీల నోట గిర్మిట్‌గా మారింది. గడువు తీరాక అక్కడే ఉండదలచిన వారిపై ఏటా 3 పౌండ్ల తలపన్ను వేశారు. దాని రద్దు గాంధీజీ నడిపిన 1913 సత్యాగ్రహంలో ముఖ్యమైన కోరిక.

గోఖలే కోరిక మేరకు ఆండ్రూస్ తన మిత్రుడు పియర్సన్‌తో కలిసి బయలుదేరి 1914 జనవరి 2న డర్బన్‌లో దిగారు. అంతకు ముందే తాను దాచుకున్న సొమ్మును ఆ ఉద్యమ నిధికి ఇచ్చివేశారు. రేవులో గాంధీజీని చూడగానే వంగి ఆయన పాదాలను తాకారు. ఒక తెల్లవాడు ఒక భారతీయుని పాదాలు తాకడం అక్కడి తెల్లవారికి భరించరాని విషయమైంది. ఆ ప్రయాణంలో ఉండగానే ఇంగ్లండులో ఆండ్రూస్ తల్లి మరణించారు. కడసారి చూపు దక్కలేదు. రాజీ చర్చలలో తోడ్పడుతూ ఆయన అక్కడే ఉన్నారు. ఆ ఏడాదే వెలువడిన చట్టం 3 పౌండ్ల పన్నును రద్దు చేసింది.

తరువాత 1915లో ఆయన ఫిజీ దీవులకు వెళ్లారు. 1879 నుండి 1916 వరకు 60,000 మందికి పైగా భారతీయులు అక్కడికి చేరారు. వారిలో సుమారు 15,000 మంది 1903 తరువాత మద్రాసు నుండి వెళ్లిన దక్షిణాదివారు. ఐదేళ్ల ఒప్పందం. ఆ రోజు పని పూర్తి చేయకపోతే అది కూలీ కోతతో పోదు, నేరమవుతుంది. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీల చొప్పున పంపేవారు. ఇరుకు గదుల వరుసలలో కుటుంబ జీవితం ఛిన్నాభిన్నమైంది. ఆండ్రూస్, పియర్సన్ తోట తోటకూ తిరిగి, కూలీలతో మాట్లాడి, చూసినది చూసినట్లు 1916లో నివేదికగా ప్రకటించారు. 1917లో కొత్త కూలీలను చేర్చుకోవడం ఆగింది. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఈ విజయం ఒక్క ఆండ్రూస్‌ది కాదు. గోఖలే, మాలవీయ వంటి నాయకులు, ఎందరో సామాన్యులు పోరాడారు. కానీ ఎవరూ పట్టించుకోని మనిషి దగ్గరకు వెళ్లి, కూర్చొని, విని, ఆ మాటను అధికారుల బల్ల మీదికి చేర్చిన వ్యక్తి ఆయన. అందుకే ప్రజలు ఆయనను దీనబంధు అని పిలుచుకున్నారు.

మత్తయి సువార్తలోని తీర్పు దినం కథ మళ్లీ గుర్తు చేసుకోండి. ఆ కథలోని పరదేశి ఆండ్రూస్ కళ్లకు చెరకు తోటలో కనిపించాడు.

ప్రేమ ఉన్నచోట నిజం చెప్పే ధైర్యం

మంచి నడవడి అంటే అందరికీ తల ఊపడం కాదు. 1921లో విదేశీ వస్త్ర దహనం జోరుగా సాగుతున్నప్పుడు ఆండ్రూస్ గాంధీజీకి అభ్యంతరం తెలియజేశారు. తోటి మానవుల చేతిపనిని తగులబెట్టడం తన మనసుకు సరిపడలేదని చెప్పారు. గాంధీజీ ఆ విమర్శను తన పత్రికలోనే చర్చించి, తన వాదం తాను వినిపించారు. ఇద్దరూ ఏకీభవించలేదు. స్నేహం చెడలేదు. 1924 సెప్టెంబరులో హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీజీ ఢిల్లీలో 21 రోజుల ఉపవాసం చేసినప్పుడు పక్కన ఉండి సేవ చేసినవారిలో ఆండ్రూస్ ఒకరు. ఆ రోజుల్లో యంగ్ ఇండియా పత్రిక బాధ్యతనూ మోశారు. ఉపవాస విరమణ వేళ ఖురాన్, ఉపనిషత్తులు చదివారు. ఆండ్రూస్ ఒక క్రైస్తవ కీర్తన పాడారు.

ఈ మార్గం పూలబాట కాదు. తెల్లవారిలో కొందరు ఆయనను సొంత జాతికి ద్రోహి అన్నారు. భారతీయులలో కొందరు గూఢచారి అని అనుమానించారు. ఆయనకు సొంత సందేహాలూ ఉండేవి. మత సిద్ధాంతాలలో కొన్నింటిని నిజాయితీగా ఉచ్చరించలేకపోతున్నానని తోచినప్పుడు, 1914లో మతగురువు విధుల నుండి తప్పుకొని శాంతినికేతన్‌లో రవీంద్రుని దగ్గరకు చేరారు. నమ్మనిది నమ్మినట్లు నటించలేదు. అదే సమయంలో క్రీస్తు మీద భక్తిని వదులుకోలేదు. 1932లో ఆయన రాసిన ఆత్మకథకు క్రీస్తుకు తాను పడిన ఋణం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో మరణించారు. శతజయంతి సందర్భంగా 1971లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఒక ప్రశ్న

మీలో కొందరికి ఈపాటికి ఒక ప్రశ్న కలిగి ఉంటుంది. ఇదంతా చేయడానికి దైవభక్తి అవసరమా? దేవుని నమ్మనివారు కూడా మంచిగా నడుచుకోవడం లేదా?

న్యాయమైన ప్రశ్నే. తప్పకుండా నడుచుకుంటారు. మంచితనం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. ఆండ్రూస్ మిత్రులే దానికి సాక్ష్యం. అయితే భక్తి తనకు ఏమిచ్చిందన్నది ఆండ్రూస్ జీవితం నుండి చెప్పుకోవచ్చు. ఉదయపు ప్రార్థన, మౌనం ఆయనకు రోజువారీ అలవాటు. ఎవరూ మెచ్చని రోజున, ఇరువైపులా నిందలు పడ్డ రోజున, చేసిన పనికి ఫలితం కనిపించని రోజున మనిషిని నిలబెట్టే ఆధారం ఒకటి కావాలి. ఆయనకు ఆ ఆధారం ప్రార్థనలో దొరికింది. వేరు కనిపించదు, చెట్టు కనిపిస్తుంది. వేరు లేని చెట్టు గాలికి పడిపోతుంది. చెట్టుగా ఎదగని వేరు నీడనివ్వదు.

తెలుగు నేల మీద

ఇదే కాలంలో మన తెలుగు ప్రాంతంలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. తిరునల్వేలి ప్రాంతం నుండి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకొని దోర్నకల్‌లో పనిచేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో విదేశీ మిషనరీలను ఉద్దేశించి ఆయన ధైర్యంగా ఒక మాట అడిగారు. మీ త్యాగాలు, మీ దానాలు కాదు, మీ స్నేహం కావాలన్నదే దాని భావం. సెయింట్ స్టీఫెన్స్‌లో ఆండ్రూస్, రుద్రల మధ్య ఉన్నది సరిగ్గా అదే.

తెలుగు పల్లెల్లో ఎందరో క్రైస్తవ తల్లులు పాటించే పిడికెడు బియ్యం ఆచారం మీలో కొందరికి తెలుసు. అన్నం వండే ముందు ఎసట్లో పోయబోయే బియ్యంలో ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది సంఘానికి, పేదలకు. అంతకంటె సాదా భక్తి ఏముంటుంది? పండుగ నాటి కానుక ఒక్కసారి ఇచ్చేది. పిడికెడు బియ్యం ప్రతి పూటా గుర్తు పెట్టుకోవలసింది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున కూడా!

మీ రోజులోకి

విద్యార్థులారా, మీలో ఎవరూ రేపే ఫిజీకి ఓడ ఎక్కనవసరం లేదు. మీ కళాశాలలోనే, మీ అపార్టుమెంటులోనే ఈ పాఠం అమలు చేసే చోట్లు ఉన్నాయి.

మీరు ఉండే సొసైటీ గేటు దగ్గర రాత్రంతా మేలుకొని కూర్చొనే గార్డు పేరు మీకు తెలుసా? మీ ఇంట్లో పనిచేసే అక్క బీహారు నుండి వచ్చిందా, బెంగాల్ నుండి వచ్చిందా? ఆమె పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? తరగతిలో ఈశాన్య రాష్ట్రాల నుండి వచ్చిన విద్యార్థిని ఎవరైనా హేళన చేస్తే మీరు నవ్వుతారా, ఆపుతారా? స్నేహితుడు రాని రోజున అతని హాజరు మీరు పలుకుతారా? బృందంగా చేసిన ప్రాజెక్టుకు మార్కులు వచ్చినప్పుడు, ఎక్కువ కష్టపడినవాని పేరు మీ పేరుకంటె ముందు చెప్పగలరా? 1906 నాటి ప్రిన్సిపాల్ కుర్చీ మీ ముందుకు ఈ రూపంలో వస్తుంది.

ఇంకొక సూచన. ఎవరితోనైనా మాటలు మానివేసి ఉంటే, ఈసారి గుడికో మసీదుకో గురుద్వారాకో చర్చికో వెళ్లే ముందు ఆ మనిషికి ఒక ఫోను చేయండి. కొండమీది ప్రసంగం చెప్పిన వరుస అదే. ముందు సమాధానం, తరువాత కానుక. ఇది చేశాక దానిని నలుగురికీ చెప్పుకోకండి, ఫొటో తీసి పంపకండి. చెప్పుకున్న మేలులో సగం అక్కడే కరిగిపోతుంది.

నేటి ప్రసంగంలో మనం తెలుసుకున్నది ఇది. క్రైస్తవ బోధలో భక్తి, నడవడి రెండు వేరు వేరు విషయాలు కావు. భక్తి ఎదుటి మనిషి దాకా చేరినప్పుడు దానినే నడవడి అంటాం. ఆండ్రూస్ ఒక పదవి వదులుకొని దానిని చూపారు. రుద్ర ఒక తలుపు తెరిచి ఉంచి చూపారు. ఊరూ పేరూ లేని తెలుగు తల్లులు పిడికెడు బియ్యంతో చూపారు.

ఇకపై ఆండ్రూస్ గంజ్ వైపు వెళ్లినప్పుడు ఆ పేరు వెనుక ఉన్న మనిషిని మీ పక్కనున్నవారికి పరిచయం చేయండి. సెలవు.